కొననక్క

మా బిల్డింగులో ఆమెను అందరూ కొననక్క అంటారు. ఏమీ కొనని అక్క కాబట్టి కొననక్క. ఆ పేరు పెట్టింది మా ఆయన. మొదట్లో వెటకారంగానే పెట్టాడు. అది మెట్ల మీదా కుళాయి దగ్గరా అందరి నోళ్లలో నాని, చివరికి తలుపు తట్టి "కొననక్కా, ఉన్నారా?" అని మొహం మీదే పిలిచేదాకా వచ్చింది. ఆమె ఏమీ అనుకోలేదు. "నయం, ఏరుకునే అక్క అనలేదు" అని నవ్వేసింది.

ఆమెది కింద, వెనక మెట్లను ఆనుకుని ఉన్న ఒంటి గది. పెళ్లి చేసుకోలేదు, అయినవాళ్లంటే వేరే ఊళ్లో ఒక చెల్లెలు ఉంది. పెద్దమ్మ పోతూ పోతూ ఆ గది ఆమెకు రాసింది. కిటికీ తెరిస్తే పెరడు, పెరటి మూల రేకుల షెడ్డు. ఇళ్లలో అక్కర్లేని సామాను మేమంతా ఆ షెడ్డులో పెట్టేస్తాం. చెత్తబండి వాళ్లు వీలు చూసుకుని వచ్చి ఎత్తుకుపోతారు. బండి వచ్చేలోగా కొననక్క వెళ్లి ఒక చూపు చూసుకునేది. ఆమె మంచం నాలుగో అంతస్తువాళ్లు పారేసింది. విరిగిన కోడు కింద ఇటుకలు పెట్టుకుంది. కిటికీ పరదాలు మావే. ఎండకు వెలిసిపోయాయని నేను తీసి పడేస్తే, తిరగేసి కుట్టుకుంది. వీధి చివర కూరగాయల కొట్టతను సాయంత్రం కొట్టు సర్దుతూ నలిగిన టమాటాలూ వాడిన ఆకుకూరా ఒక బుట్టలో వేసి బయట పెట్టేవాడు. బేకరీ వెనక నిన్నటి రొట్టెలుండేవి. ఒక్క కడుపుకు అవి చాలేవి. ఉప్పూ మందులూ కరెంటు బిల్లూ లాంటి తప్పని వాటికి కుట్టుపని చేసేది. అదీ పాతబట్టలకే. జిప్పులు మార్చేది, బిగుతైనవి వదులు చేసేది, మోకాళ్ల దగ్గర చిరిగినవి అతికేది. కొత్త గుడ్డ తెచ్చి కుట్టమంటే "నాకు చేతకాదండీ" అని పంపేసేది. చేతకాకేం, ఆమె కుడితే కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి.

గతిలేక ఇలా బతుకుతోందని మొదట నేనూ అనుకున్నాను. ఒకసారి జిప్పు వేయించుకోవడానికి వెళ్లి కూర్చుంటే తనే చెప్పింది. పెద్ద బట్టల షోరూములో ఏళ్ల తరబడి పనిచేసిందట. కొన్నవాళ్లు వాపసు తెచ్చిన సరుకు చూసే గదిలో. మళ్లీ అమ్మడానికి పనికిరాదనుకున్న ప్రతిదాన్నీ కట్టరుతో చీల్చి చెత్తలో వేయాలి, ఎవరూ ఏరుకుని తొడుక్కోకుండా. చంటిపిల్లల స్వెట్టర్లు, ఒక్క గుండీ ఊడిన చొక్కాలు, ఒకసారి తొడిగి చూసి వద్దనుకున్న బూట్లు.

"బూటు నాలిక కొయ్యడం మహా కష్టం, తెలుసా. రెండు చేతులూ పెట్టి లాగాలి" అంది. "ఒకరోజు మా ఊడ్చే ఆవిడ తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. ఒక జత ఆమెకిద్దాం సార్ అని మా మేనేజరుతో అన్నాను. ఊరికే దొరుకుతుంటే కొనేవాడెవడమ్మా అన్నాడాయన. ఆయన్ననేదేముంది, ఉన్నమాటే చెప్పాడు. నేనే కట్టరు బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చేశా. ఇక ఈ కొనడం అనే పనే పెట్టుకోకూడదనుకున్నా."

ఆమెకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. షెడ్డులో పారేసిందే తీసుకునేది కానీ, ఎవరి చేతి నుంచీ ఏదీ అందుకునేది కాదు. నేనొకసారి పాత దుప్పటి మడతపెట్టి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"షెడ్డులో పెట్టెయ్యమ్మా, కావాలంటే తీసుకుంటా. చేత్తో ఇస్తే దాంతోపాటు మొహమాటం కూడా వస్తుంది. పారేసినదాంట్లో అదుండదు."

అలా చాలా ఏళ్లు గడిచాయి. జీతాలు చాలక, అలమరల్లో సామాను పట్టక సతమతమయ్యే మా అందరిలోకీ ఆమే హాయిగా ఉందేమో అనిపించేది.

ఆ ఏడాది చలి మొదలవుతుండగా మూడో అంతస్తులో డ్రైవరుగారి భార్య పోయింది. బస్సు నడపడం మానేసి చాలాకాలమైనా ఆయన్ని డ్రైవరుగారనే అంటాం. మాటలు తక్కువ మనిషి. ఉన్న నాలుగు మాటలూ ఆవిడతోనే. పేరుపెట్టి పిలవగా ఎప్పుడూ వినలేదు. మెట్ల మీద నుంచి "ఇదిగో" అంటే చాలు, ఆవిడ ఎక్కడున్నా "వస్తున్నా" అనేది. ఆయనకు ఒక్కతే కూతురు. కళ్లముందు అమ్మ వస్తువులుంటే నాన్న కోలుకోడని, ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం అన్నీ తెచ్చి షెడ్డులో పెట్టేసింది. వాటిలో ఒక మెరూన్ రంగు ఉన్ని కోటుంది, వెడల్పాటి చేతుల కర్ర కుర్చీ ఉంది. కొననక్క కోటు మోచేతుల దగ్గర పీలికలైపోయింది. ఈ కోటు ఆమెకు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. కోటూ కుర్చీ రెండూ లోపలికి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున నేను కుళాయి దగ్గర ఉన్నాను. కొననక్క ఆ కోటు వేసుకుని బుట్టతో గేటు వైపు నడుస్తోంది. డ్రైవరుగారు మెట్లు దిగుతూ ఆమెను వెనక నుంచి చూశాడు.

"ఇదిగో" అని పిలిచాడు.

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన మెట్ల కమ్మీని రెండు చేతులా పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. ఏం జరిగిందో అర్థమయ్యేసరికి కొననక్క మొహం పాలిపోయింది. గబగబా గుండీలు విప్పి కోటు తీసేసింది.

"అన్నయ్యగారూ, తప్పయిపోయింది. షెడ్డులో ఉంటే తీసుకున్నాను. వదినగారిదని నాకు తట్టనే లేదు. తీసుకోండి."

ఆయన కోటు వైపు చూశాడు కానీ చెయ్యి చాపలేదు.

"నా దగ్గరుంటే బీరువాలో వేలాడుతుందమ్మా. మీ ఒంటిమీదుంటే నడుస్తోంది. ఉంచండి" అన్నాడు.

రెండ్రోజులకు ప్యాంటు అంచు ఊడిందని ఆమె గదికి వచ్చాడు. ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆమె కుడుతున్నంతసేపూ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి ఉన్నాడు. ఇంకో రోజు గుండీ ఊడింది. తర్వాత ఊడటానికి ఏమీ మిగల్లేదు, ఊరికే వచ్చి కూర్చునేవాడు. సాయంత్రమైతే చాలు, మెట్ల మీద ఆయన అడుగులు వినిపించేవి. ఒకరోజు చాలాసేపు గొంతు సవరించుకుని అడిగాడు.

"మీకు పనేం లేకపోతే, కోటు వేసుకుని వీధి మలుపుదాకా ఒకసారి వెళ్లొస్తారా? మా ఆవిడ రోజూ ఈ వేళకి అలా వెళ్లొచ్చేది. నేను పైనుంచి చూస్తుండేవాణ్ని."

ఈ మాట కొననక్క నాతో చెప్పి, "మనిషి అడగలేక అడిగాడు. ఆ మొహం చూసి కాదని ఎలా అనను?" అంది.

ఆరోజు వెళ్లొచ్చింది. మర్నాడు ఆయన అడగలేదు, కానీ పైన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె మళ్లీ వెళ్లింది. అదే అలవాటైపోయింది. చలి తగ్గి ఎండలు ముదిరినా, ఆ ఉన్ని కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ మలుపుదాకా నడిచి తిరిగొచ్చేది. ఆయన తేరుకున్నాడు. వేళకు తింటున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు. కూతురు వచ్చినప్పుడల్లా కొననక్క చేతులు పట్టుకుని "మీ వల్లే మా నాన్న మనిషయ్యారు ఆంటీ" అనేది.

ఆ రోజుల్లోనే షెడ్డులో మంచి వస్తువులు పడటం మొదలైంది. ఆమె కాలికి సరిపోయే బూట్లు. మూత గట్టిగా పట్టే కెటిల్. రంపపు పళ్ల కత్తెర. మెత్తటి దుప్పటి. "ఎవరో బాగా కలిగినవాళ్లు దిగినట్టున్నారు" అని సంబరపడింది. ఒకరోజు కెటిల్ తోముతుంటే మూత లోపల చిన్న కాగితం చీటీ తగిలింది. కొట్లో అంటించిన ధర చీటీ, జిగురు ఇంకా ఆరలేదు. కెటిల్ అడుగు మాత్రం ఏళ్లుగా వాడినట్టు నల్లగా ఉంది. వేలితో రుద్దితే మసి వేలికంటుకుంది. కొవ్వొత్తి మసి.

ఒకసారి తొడిగి, అడుగు తుడిచి వాపసు తెచ్చిన బూట్లు ఎన్నో చూసిన మనిషి. ఆ షోరూము గదిలో అందరూ వాడినదాన్ని కొత్తదిగా చూపించడానికి తంటాలు పడేవాళ్లు. ఇక్కడెవరో కొత్తదాన్ని పాతదిగా చూపిస్తున్నారు. ఎందుకో ఆమెకు అంతు పట్టలేదు. ఒక మధ్యాహ్నం వెనక మెట్ల మీద గరగరమని ఏదో గీస్తున్న చప్పుడైతే పైకి వెళ్లింది. రెండో అంతస్తు దాటాక మలుపులో డ్రైవరుగారు మెట్టు మీద కూర్చుని, కొత్త బూటు అడుగును సిమెంటు అంచుకేసి రుద్దుతున్నాడు. పక్కన అట్టపెట్టె.

"ఎవరివి అన్నయ్యగారూ?" అంది.

ఆయన దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు. "మీవే."

"ఎన్నాళ్లనుంచి?"

"చేతికిస్తే తీసుకోరు కదమ్మా. పాతబడితే తీసుకుంటారు. అందుకని పాత చేస్తున్నా."

ఆమె ఆ మెట్టు మీదే కూర్చుంది. ఆ సంగతి చెబుతూ నా దగ్గర ఒక్కసారిగా అలసిపోయినట్టు మాట్లాడింది. "నాకోసం ఆ పెద్దాయన కొట్లమ్మట తిరిగి కొంటున్నాడమ్మా. నేనే కొనుక్కున్నా ఇంత కొనేదాన్ని కాదు."

ఇక కొనొద్దని ఆయన్ని గట్టిగా అడిగింది. ఆయన సరేనన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. వారం తిరక్కుండా షెడ్డులో ఆయన రేడియో కనిపించింది. తర్వాత బల్లదీపం, గోడ అద్దం, బొంత. కొననక్క రేడియో పట్టుకుని పైకి వెళ్లింది.

"ఇవి కొన్నవి కాదమ్మా, నావే" అన్నాడు. "నాకక్కర్లేదు. పారేశాను."

ఆమె పెట్టుకున్న పద్ధతిలో దానికి జవాబు లేదు. రేడియో ఆయన గుమ్మంలో పెట్టి వచ్చేసింది. పొద్దున్నకల్లా అది షెడ్డులో ఉంది. ఈసారి ముట్టుకోకూడదనుకుంది. సాయంత్రం వాన పట్టుకుంది. షెడ్డు రేకుకు చిల్లులు. బొంత ఒక పక్క నుంచి తడుస్తోంది, రేడియో మీద చుక్కలు పడుతున్నాయి. పైన వెనకవైపు కిటికీలో ఆయన నిలబడి తన సామాను తడవడం చూస్తున్నాడు. కిందకు దిగి తెచ్చుకోవాలన్న ఆలోచన కూడా ఆ మొహంలో లేదు. చివరికి ఆమే పరుగున వెళ్లి అన్నీ లోపలికి తెచ్చి తుడిచింది.

కనీసం ఆ కోటైనా వదిలించుకోవాలని ఒకరోజు కొట్టుకు వెళ్లింది. తను పనిచేసిన చోటుకు కాదు, వేరేదానికి. బూడిదరంగు కోటు ఒకటి వేసుకుని అద్దంలో చూసుకుంది. బాగానే ఉంది. తీసుకుని కౌంటర్ దాకా వచ్చింది. అక్కడ ఒకావిడ ఏదో వాపసు ఇస్తోంది. కౌంటర్ పిల్ల దాన్ని విప్పి కూడా చూడకుండా వెనక గదిలోకి విసిరింది. లోపల ఎవరి చెయ్యో దాన్ని అందుకుంది. కొననక్క చేతిలోని కోటు కౌంటర్ మీద పెట్టి, ఆ పిల్ల "మేడమ్, మేడమ్" అంటున్నా వినిపించుకోకుండా బయటపడింది. ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. పైన కిటికీ దగ్గర ఆయన ఎదురుచూస్తున్నాడు. మెరూన్ కోటు వేసుకుని మలుపుదాకా వెళ్లొచ్చింది.

ఆ తర్వాత ఇక ఎదురు చెప్పలేదు. పైన ఇల్లు ఖాళీ అవుతున్నకొద్దీ కింద గది నిండింది. చోటు చాలక ఇటుకల మీది మంచం బండికి ఇచ్చేసి, ఆయన పారేసిన మంచం వేసుకుంది. ఆయన రోజూ వచ్చి కుర్చీలో కూర్చుని, "ఆ అద్దం కాస్త ఇటు జరిపితే వెలుతురు పడుతుంది", "దీపం తలవైపుంటే బాగుంటుందేమో" అనేవాడు. ఎప్పుడూ గట్టిగా అనలేదు. ఆమె లేచి జరిపేది.

ఒక ఆదివారం కూతురు ఎన్నడూ లేనిది గది లోపలికి వచ్చింది. గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆ అమ్మాయి అద్దం చట్రాన్ని తడిమి, దీపాన్ని చూసి, కుర్చీ చూసి, "అచ్చం అమ్మ గదే" అంది. కళ్లు తుడుచుకుని కొననక్కను గట్టిగా కౌగిలించుకుంది. "థ్యాంక్స్ పిన్నీ."

కొననక్క ఉలిక్కిపడింది. "పిన్నేంటమ్మా. మీ నాన్నగారిని అన్నయ్యగారంటున్నాను కదా. అత్తా అనాలి."

"ఏమో, నోటికి అలాగే వచ్చింది పిన్నీ" అని ఆ పిల్ల నవ్వేసింది. తర్వాత మెల్లగా అంది, "పైన ఏముందని, నాలుగు గోడలు తప్ప. నాన్న ఎలాగూ రోజూ ఇక్కడికే వస్తున్నారు. ఇక్కడికే వచ్చేస్తే నాకూ నిశ్చింతగా ఉంటుంది."

"ఈ గదిలో ఇద్దరు పట్టరమ్మా."

ఆ పిల్ల చుట్టూ చూసింది. "నాన్న సామానంతా పట్టింది కదా" అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. చూసింది చూసినట్టు చెప్పింది. "నాన్నని కొన్నాళ్లు మా ఇంటికి తీసుకెళ్తున్నా. మేమొచ్చేసరికి ఆలోచించి చెప్పండి."

వాళ్లు వెళ్లిన మర్నాడే కొననక్క నడుం బిగించింది. రేడియో, దీపం, అద్దం, బొంత, చివరగా కుర్చీ, ఒక్కొక్కటే మోసుకెళ్లి షెడ్డులో పెట్టింది. గదిలో మంచం, కుట్టుమిషను మిగిలాయి. తలుపు బార్లా తీసుకుని గది మధ్యలో నిలబడి ఉండగా చూశాను. ఎన్నో నెలల తర్వాత ఆమె భుజాలు కిందికి దిగినట్టు కనిపించాయి.

మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ షెడ్డులో కుర్చీ చూశాడు. "రాయిలా ఉంది. పట్టు, తీసుకెళ్దాం" అన్నాడు.

"అక్కనొకసారి అడుగుదాం."

"షెడ్డులో పెట్టాక అడిగేదేముంది? ఆవిడ పద్ధతేగా అది."

చెరో పక్కా పట్టుకుని మొదటి మలుపుదాకా ఎక్కించాం. కింద నుంచి దబదబమని అడుగులు వినిపించాయి. కొననక్క జుట్టు ముడి ఊడిపోయి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి కుర్చీ చెయ్యి పట్టేసుకుంది.

"దించండి. అది నాది."

మా ఆయనకు నవ్వొచ్చింది. "మీదంటూ ఒకటి ఉందా అక్కా?"

ఆమె నవ్వలేదు. "నాదే. దించండి" అంది. పట్టు వదల్లేదు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఆ మాట ఆమె నోట అంతవరకూ నేను వినలేదు. తనూ వినలేదనుకుంటాను, అన్నాక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మేం కుర్చీని మళ్లీ కిందికి తెచ్చి గదిలో పెట్టాం. మిగతావి తనే తెచ్చుకుంది. నేను సాయం పడతానంటే వద్దంది. ఏది ఎక్కడుండాలో చూసి చూసి పెట్టింది. అద్దాన్ని రెండుసార్లు జరిపింది.

డ్రైవరుగారు కూతురితో తిరిగొచ్చాడు. చేతిలో ఒక సంచి ఉంది. కొననక్క రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ఆ పిల్ల దాన్ని ఒప్పుకోవడంగానే తీసుకుంది. పైన ఇంటి తాళాలు యజమానికి ఇచ్చేసి వెళ్లింది. గదికి అడ్డంగా ఒక పరదా కట్టారు. అటువైపు ఆయన మంచం, ఇటువైపు కుట్టుమిషను, దాని పక్కన కింద పరిచిన బొంత. ఆయనతో ఇబ్బందేమీ లేదు. నెమ్మది మనిషి. తన కంచం తనే కడుక్కుంటాడు. పరదా అటువైపు నుంచి "ఇదిగో" అంటాడు. ఆమె "వస్తున్నా అన్నయ్యగారూ" అంటుంది.

మొన్న ఒక జాకెట్టు వదులు చేయించుకోవడానికి వెళ్లాను. ఆయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు. గొంతు తగ్గించి అడిగేశాను.

"మీ చెల్లెలింటికి పోకూడదా అక్కా? నాలుగు రోజులైనా."

ఆమె కుట్టు విప్పుతూ, ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంది.

"పోవచ్చు" అంది. "ఎవరు ఆపారు? ఎవరూ ఆపలేదు. అదే కదా వచ్చిన చిక్కు." ఆయన వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "రేపు కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చుక్కల మందు వేస్తే కాసేపు అంతా మసకమసగ్గా ఉంటుందట. రోడ్డు దాటేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ఆ పని కానీ, తర్వాత చూస్తా."

జాకెట్టు తిరగేసి, "ఇక్కడ అరంగుళం వదిలితే చాలా?" అని అడిగింది.